ఊరివాడగుట

ఒక యూరిలో నివసించుట వేఱు. ఆ యూరివాడగుట వేఱు. మొదటిదానికి ఇల్లును, వెచ్చమునకు సొమ్మును చాలును. రెండవదానికి ఏమి కావలయునో మనవారు అంతగా నాలోచించినట్లు కానరాదు. ఏలయన, మన దేశమున మనుష్యుడు పుట్టిన యూరే అతని యూరు, పుట్టిన కులమే అతని పంక్తి యని చిరకాలముగా నడచుచు వచ్చినది. ఇపుడట్లు కాదు. మన పిల్లలు సముద్రములు దాటిపోయి స్థిరపడుచున్నారు. మన యూళ్లకు ఇతర రాష్ట్రముల కూలివారు వచ్చి నెలలతరబడి యుండుచున్నారు. కావున పరాయినేల మీద నున్నవానికి ఇరుగుపొరుగులతో పొత్తు ఎట్లు కలుగును, ఎట్లు కలుగకపోవును అను ప్రశ్న మనకు అక్కఱలేనిది కాదు. 2019వ సంవత్సరపు వేసవిలో ఫ్రాన్సు దేశపు పల్లె యొకదానిలో మేము రెండు నెలలు గడపితిమి. అచ్చట స్థిరపడిన ఆంగ్లేయుల సాంఘికజీవనమును చేరువనుండి చూచితిమి. చూచినదానిని, దానివలన మాకు తోచినదానిని చదువరులకు విన్నవించుచున్నాము.

మా తమ్ముడు బోర్డో నగరమున నుద్యోగి. ఆ యేడు వేసవికి దొర్దోన్ జిల్లాలో నొక పల్లెయిల్లు అద్దెకు పుచ్చుకొని మమ్ము రమ్మని వ్రాయగా, మేము బడికి సెలవు పెట్టి జూలై మొదట నచ్చటికి చేరితిమి. పల్లె పేరు చెప్పము. అచ్చటివారు మమ్ము నమ్మి తమ యింటి ముచ్చటలు చెప్పిరి గనుక వారి గుట్టు కాపాడుట మా విధి. నూటయేబది గడపలకు మించని యూరు. చర్చి యొకటి, మేయరు కచేరి యొకటి, రొట్టెల దుకాణ మొకటి, నడుమ పెద్ద చెట్ల నీడలో మన రచ్చబండవంటి బయలు. ఆ యిండ్లలో నాల్గింట నొకటి ఆంగ్లేయులది. ఆంగ్లేయులతో మేమే మాటలాడితిమి. ఫ్రెంచివారియొద్ద మా తమ్ముడు మాకు దుబాసి.

ఆంగ్లేయులకు ఆ సీమ క్రొత్తది కాదు. 1152లో అక్విటేను సీమకు ఏలికయైన ఎలియనోరు హెన్రీని పెండ్లాడెను. రెండేండ్లకు హెన్రీ ఇంగ్లండునకు రాజయ్యెను. నాటినుండి 1453లో కస్తియోన్ యుద్ధమున నోడువఱకు, పెరుగుచు తఱుగుచు, ఆంగ్లరాజుల యధికారము ఆ ప్రాంతమున నిలిచియుండెను. మొదటి ఎడ్వర్డు 1284లో కట్టనారంభించిన మోంపజియె పట్టణమున చదరపు అంగడిబయలు, దాని చుట్టును కమానుల పంచలు నేటికిని నిలిచియున్నవి. ఆనాడు కత్తులతో వచ్చినవారు ఈనాడు ఇంటి దస్తావేజులతో వచ్చుచున్నారు.

ఇట్లు వచ్చుటకు ఆ పల్లెలలో మనుష్యులు తఱుగుటయే ముఖ్యకారణము. 1914–1918 యుద్ధమున ఫ్రాన్సు పదుమూడు లక్షలకు పైగా సైనికులను గోల్పోయెను. చనిపోయినవారి పేర్లు చెక్కిన స్మారకశిల లేని పల్లె ఆ దేశమున నరుదు. మేమున్న యూరి శిలమీద ముప్పదియొక్క పేర్లున్నవి. వానిలో నాలుగింటికి ఒకే యింటిపేరు. మిగిలిన కుటుంబముల పడుచువారు తరువాతి కాలమున పట్టణములకు పనికి పోయిరి. రాతియిండ్లకు తాళములు పడెను. లండనులో చిన్న వాటా కొనుటకైన చాలని సొమ్మునకు ఇచ్చట తోటతోగూడ నిల్లు దొరకెను. ఎండ మెండు. బెర్జెరాకు వఱకు చవుక విమానములు వచ్చెను. ఉద్యోగము విరమించిన ఆంగ్లేయులకు ఇంతకంటె నేమి కావలయును? 2019 నాటికి ఫ్రాన్సు దేశమంతటను వారి సంఖ్య సుమారు లక్షన్నర.

ఆ పల్లెలు చలికాలమున మౌనవ్రతము పట్టి వేసవిలో విడుచును. జూలై 14 వారి జాతీయదినము. 1789లో ప్రజలు బాస్తీలు కోటను పట్టుకొన్న తేదిని 1880లో చట్టముచేత పండుగగా నేర్పఱచుకొనిరి. నాడు దీపములు, బాణసంచా, వీధిలో నృత్యము. మనకు స్వాతంత్ర్యదినమైన ఆగస్టు 15 వారికి మేరీమాత పండుగ. ఈ రెంటి నడుమ వారమున కొక రాత్రిసంత. అటకమీది పాతసామానులను వీధిలో పఱచి అమ్ముకొను దిన మొకటి. ఊరి పండుగ యొకటి. వీనినన్నిటిని నడపునది ఊరి యుత్సవసంఘము. 1901వ సంవత్సరపు చట్టము ననుసరించి ఇద్దఱు మనుష్యులు కూడినను సంఘమును స్థాపించుకొనవచ్చును. అందు వంశపారంపర్యపు మర్యాదలు లేవు. మొదటి తాంబూల మెవరికను తగవు లేదు. మేము చూచినంతవఱకు, బల్లలు మోయుటకు వచ్చినవాడు సంఘములోనివాడు, రానివాడు కాడు.

రాత్రిసంతనాడు బయలునిండ పొడుగుపాటి బల్లలు వేయుదురు. ఎవరి పళ్లెము, కత్తి, గ్లాసు వారు బుట్టలో తెచ్చుకొందురు. ఇరుప్రక్కల అంగళ్లలో కాల్చిన బాతుమాంసము, మేకపాల జున్ను, ఖర్బూజాలు, అక్రోటుకాయల రొట్టె అమ్ముచుందురు. ఊరి పండుగనాడు మాత్రము సంఘమువారే వండి వడ్డింతురు. మొదట వెల్లుల్లి చారు. ఆ చారు అడుగంటిన పిదప ముసలివారు ద్రాక్షమద్యము కొంచెము గిన్నెలో పోసి కలిపి గిన్నె నెత్తి త్రాగుదురు. మద్యమును మేమంటము, ఆ యాచారమును మెచ్చుటకై చెప్పుటలేదు. తాతలనాటి మోటుతనమని సిగ్గుపడక పట్టణమునుండి వచ్చిన మనుమల యెదుట వారట్లు త్రాగుటను మేము గమనించితిమి. ఇరుగుపొరుగుల విందునాడు ఇంటి కొక వంటకము తేవలెనని కబురురాగా మేమే స్వయముగా నిమ్మకాయ పులిహోర కలిపితిమి. చల్లని అన్నములో కూరముక్కలు కలుపుకొను నలవాటు వారికిని గలదు గనుక మా పులిహోరను దాని చుట్టముగా నెంచి తృప్తిగా భుజించిరి.

ఆ పంక్తిలో మేయరు చారు వడ్డించెను. దారులు బాగుచేయు కూలివాని ప్రక్కన వైద్యుడు కూర్చుండెను. ఎవరెక్కడ కూర్చుండవలెనని ఎవరును నిర్ణయింపలేదు. సహపంక్తిభోజనము కొఱకు మన పెద్దలెందఱో వెలిపడి నిందలు మోసిన సంగతి తలచుకొని మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి.

అయినను కొంచెము నిదానించి చూడగా మఱియొకటి కనబడెను. బల్ల తూర్పుకొన నంతయు ఫ్రెంచివారు. పడమటికొన నంతయు ఆంగ్లేయులు. ఎవరును విభజింపలేదు, అదియే విభజింపబడెను. నవ్వులు రెండుకొనలను వేఱువేఱుగా పుట్టుచుండెను.

ఆంగ్లేయులకు తమ కూటములు తమకున్నవి. సోమవారము కాఫీ, బుధవారము ప్రశ్నల పోటీ, ఆంగ్లగ్రంథములు ఎరవిచ్చు గది, కష్టపడువారికై అమ్మకములు. క్రికెట్టు కూడ గలదు. ఇది వారికి తాతలనాటి యలవాటే. 1900లో పారిసు ఒలింపిక్సులో ఇంగ్లండుతో క్రికెట్టాడిన ఫ్రాన్సు జట్టులో పెక్కుమంది పారిసులో కాపురమున్న ఆంగ్లేయులే. ఈ కూటములను మేము నిందింపము. అఱువదియేండ్లు దాటినవానికి దినమంతయు పరభాషలో తడబడుట అలసట. సాయంకాలమైన తన మాటలో తాను నవ్వుకొనవలెనని కోరుట తప్పు కాదు. అందఱు నొకరికొకరు రోగములలో, ప్రయాణములలో తోడుపడుచునే యున్నారు. కాని ఆ కూటములే చాలుననుకొనుటలో నపాయమున్నది.

భాషను గూర్చి రెండు మాటలు. ఆ దేశమున దుకాణములో నడుగుపెట్టినవాడు మొదట 'బోంజూర్' అని నమస్కారము చెప్పవలెను. చెప్పక యేమడిగినను మొఱటుతనమే. ఆంగ్లేయుడు 'క్షమింపుడు' అని యారంభించి, రొట్టెలమ్మ ముఖము ముడుచుకొనుట యేలయో యెఱుగక వెలుపలికి వచ్చును. ఎదురుపడినవానిని 'ఎటు బయలుదేఱినారు?' అని పలుకరింపక పోలేని మనకు ఇది సులభముగనే తెలియును. మఱియొకటి, వారికిని మనవలె నీవు, మీరు అను భేదము గలదు. ఆంగ్లమున నది లేదు. మేయరు వీధులూడ్చువానిని 'మీరు' అనును. వీధులూడ్చువాడు మేయరును 'మీరు' అనును. చనువు పెరిగిన పిదప నిద్దఱు నొప్పుకొని యొకేసారి 'నీవు'లోనికి దిగుదురు. మన పల్లెలలో అఱువదియేండ్ల పాలేరును ఆసామి కొడుకు పదియేండ్లవాడు 'ఒరే' యని పిలిచిన దినములు ఎంతో దూరము పోలేదు. పదము రెంటను నొక్కటే. వారియందది చనువు; మనయందది తక్కువచూపు.

ఆ యూరి ఆంగ్లేయులలో నిద్దఱను గూర్చి చెప్పవలెను. ఒకరు పండితుడు. ఫ్రెంచి వ్యాకరణమున చిక్కైన క్రియారూపములను ఫ్రెంచివారికంటె శుద్ధముగా వాడగలరు. ఆయన తోటలో కూర్చుండి మేము పాణిని యూసులును, ఫ్రెంచి కవుల యూసులును చాల సాయంకాలములు ముచ్చటించితిమి. ఆ ముచ్చట మాకు మిక్కిలి ప్రీతి. పండ్రెండేండ్లనుండి ఆ యూరనుండియు ఆయన బల్ల మోయలేదు. ఊరివారికి ఆయన 'కొండమీది ఆంగ్లేయుడు.' రెండవవాడు ఉత్తర ఇంగ్లండున ఉత్తరములు పంచి పంచి విశ్రాంతి పొందినవాడు. లింగము, వచనము ఆయన నోట ఏనాడును కలియవు. కాని పండుగకు ముందు మూడుదినములు వెల్లుల్లి ఒలుచుచు, కుర్చీలు లెక్కపెట్టుచు, మఱునాటి యుదయమున ఎంగిలి కాగితము లేఱుచు నుండెను. ఆయనను పిన్నలు పెద్దలు పేరు పెట్టి పిలుతురు. రొట్టెలవాడు మొదటిసారి తన్ను 'నీవు' అన్న దినమును ఆయన మాకు పండుగవలె వర్ణించి చెప్పెను. శాస్త్రాధ్యయనమున జీవితము గడపిన మావంటివారికి ఈ తారతమ్యము కొంత చేదైనను చెప్పక తప్పదు: భాష నేర్చుట వేఱు, ఆ భాషలో పనిచేయుట వేఱు.

జూలై మూడవవారము గడవగా ఎండలు ముదిరెను. 23వ తేదిని బోర్డోలో 41.2 డిగ్రీల వేడి నమోదయ్యెను. అచ్చట అంతకుముందెన్నడును అంతటి వేడి నమోదై యుండలేదు. రెంటచింతల యెండ లెఱిగిన మాకది వింత కాదు. ఆ దేశమున పల్లెయిండ్లలో పంకాలు అరుదు. 2003లో నిట్టి వేడికే ఫ్రాన్సులో సుమారు 15,000 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది ఒంటరిగా నున్న వృద్ధులు. మఱుసటి యేడు చట్టము చేసి, అట్టివారి పేర్లు మేయరు కచేరిలో వ్రాసి యుంచుటయు, ఎండలు ముదిరినపుడు వారిని విచారించుటయు నేర్పఱచిరి. పేరు వ్రాయించుకొనుట వారి యిష్టము.

మా వీధిలో నొక ఆంగ్ల వితంతువు గలదు. భర్త పోయి మూడేండ్లు. ఫ్రెంచిమాటలన్నియు భర్తయే ఆడెడివాడు. ఆమెకు నమస్కారము, కృతజ్ఞత తప్ప రావు. కచేరినుండి వచ్చిన కాగితము ఫ్రెంచిలో నుండుటచే ఆమె చదువలేక బల్లసొరుగులో నుంచెను. ఆమెకు స్నేహితులు లేకపోలేదు; బుధవారపు కూటమున ముప్పదిమంది ఆమె నెఱుగుదురు. కాని ఆ వారము ఎండకు తాళలేక కూటము మానిరి. ఎదురింట పాడియావులు పెంచు ముసలమ్మ యొకతె గలదు. ఆమెకు ఆంగ్లము ముక్క రాదు. రెండేండ్లక్రిందట ఈ ముసలమ్మయే వీధిదాటి వచ్చి, ఎండవేళ కిటికీల చెక్కతలుపులు మూసి రాత్రి తెఱవవలెనని చేతులతో చూపి నేర్పెను. నాటినుండి ఆంగ్లస్త్రీ దినదినము పదిగంటలకు తలుపులు మూయుచుండెను. ఆ దినమున పండ్రెండైనను తలుపులు మూతపడలేదు. ముసలమ్మ చూచి, పాలబిందె దించి, వీధిదాటి పోయి తలుపు తట్టి, పలుకు లేకపోగా పెరటిదారిని లోనికి పోయి చూచెను. ఆమె వంటయింటి నేలమీద స్మృతి దప్పి పడియుండెను.

ముసలమ్మ కేకలకు మేమును పోయితిమి. ఆ పల్లెలలో నాపదలకు వచ్చువారు అగ్నిమాపకులే. వారు వచ్చి, ఏ మందులు పుచ్చుకొనునని యడిగిరి. రోగికి కొంచెము తెలివి వచ్చినను ప్రశ్న తెలియదు. అడిగినవారికి జవాబు తెలియదు. మా తమ్ముడు నడుమ కూర్చుండి ఆ మాట ఈమెకు, ఈ మాట వారికి చెప్పెను. ఆమె బ్రతికెను. వైద్యశాలనుండి తిరిగివచ్చిన పిదప ఆ యిద్దఱు స్త్రీలు సాయంకాలములందు అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుట చూచితిమి. ఒకతె ఒక కాయ నెత్తి దాని పేరు చెప్పును. రెండవది మరల చెప్పును. డెబ్బదినాలుగేండ్ల వయసున ఆమె అక్షరాభ్యాస మట్లు జరిగినది.

ఆ వేసవి యంతయు ఆంగ్లేయుల నోట మఱియొక చింత వినబడుచుండెను. 2016లో వారి దేశము ఐరోపాసమాజమును విడుచుటకు నిశ్చయించుకొన్నది. 2020 జనవరి 31న విడిచినది. అంతవఱకు ఫ్రాన్సు గ్రామపురపాలక సభల యెన్నికలలో వారికి ఓటుండెను. దేశమంతట ఏడువందలకు మించిన ఆంగ్లేయులు ఆ సభలలో సభ్యులుగా నుండిరి. 2020 మార్చి యెన్నికలతో ఓటును, సభ్యత్వమును రెండును పోయెను. 2021 మొదలుకొని అచ్చట స్థిరనివాసపు పత్రము లేనివారు నూటయెనుబది దినములలో తొంబది దినములకు మించి యుండరాదు. ఇది వారికి కష్టమే. ప్రక్కవానికై చేసిన సేవయే చాలును, హక్కుతో పనిలేదని మేమనము. హక్కు లేని సేవ వెట్టికి దారితీయును. కాని మా తమ్ముడు తరువాత వ్రాసిన ఉత్తరములవలన నొక సంగతి తెలిసినది. ఓటు పోయిన పిదపను ఉత్సవసంఘమువారు ఉత్తరములు పంచిన ఆ పెద్దమనిషినే కోశాధికారిగా నెన్నుకొనిరి. ప్రభుత్వమిచ్చినది ప్రభుత్వము తీసికొన్నది. ఊరిచ్చినది ఊరియొద్దనే నిలిచియున్నది.

ఫ్రెంచివారియందు లోపములు లేవని చెప్పరాదు. పరదేశికి ఇండ్లమ్మి సొమ్ము చేసికొన్నవారే, ఇండ్ల వెలలు పెరిగి తమ పిల్లలు కొనలేకున్నారని పరదేశిని దూషించుట వింటిమి. బల్ల తూర్పుకొననుండి లేచి పడమటికొనకు పోయినవారిని మేము వ్రేళ్లమీద లెక్కింపగలిగితిమి. పాడియింటి ముసలమ్మవంటివారు ఏ దేశమునను అరుదే.

ఇక మన సంగతి. ఫ్రెంచివారు మనకు దూరపువారు కారు. మన తాతలు వారిని పరాసువారనెడివారు. గోదావరితీరమున యానాము 1954 వఱకు వారి యేలుబడిలో నుండెను. 1929లో శారదా చట్టము బాల్యవివాహములను నిషేధింపగా, మనవారు పసిపిల్లలను బండ్లమీద యానామునకు తీసికొనిపోయి, ఆ చట్టము చెల్లని నేలమీద పెండ్లిండ్లు చేసిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చినది. స్వేచ్ఛాసమత్వములు చాటిన జాతి పొరుగున నుండగా మనము వారియొద్ద తెచ్చుకొన్నది అది! పరాయినేలను సౌకర్యమునకు వాడుకొని, దాని మంచిని ముట్టక వచ్చుట ఆంగ్లేయులకు మాత్రమే గల గుణము కాదు. ఇపుడు విదేశములలో నున్న మన తెలుగువారిని చూడుడు. సంక్రాంతి, ఉగాది ఘనముగా చేయుదురు. పిల్లలకు పద్యములు నేర్పుదురు. సంతోషమే. కాని పదియేండ్లుగా ప్రక్కయింట నున్నవాని పేరెఱుగనివారు వారిలో నెందఱో! తెలుగువారి కూటమునందే మరల కులమునుబట్టి కూటములు చీలుచున్నవని వినుట మఱింత దుఃఖకరము.

విదేశములదాక నేల? మా బడికి రెండుమైళ్లలో ఇటుకబట్టీలున్నవి. సంక్రాంతికి ముందే ఒడిస్సా పశ్చిమజిల్లాల కుటుంబములు పిల్లలతో వచ్చి, వానలు పడువఱకు ఆ బట్టీల ప్రక్క రేకుల గుడిసెలలో నుందురు. ఏడాదిలో సగము మన యూరి గాలి పీల్చి, మన యూరి యిండ్లకు ఇటుకలు కోసి, మన యూరి పేరు సరిగా పలుకనైన నేర్వక పోవుదురు. వారు కొనుటకు వచ్చినవారు కారు, కూలికి వచ్చినవారు; కనుక వారి ఒంటరితనము ఆ ఆంగ్లేయుల ఒంటరితనముకంటె వెయ్యిరెట్లు కఠినము. ఎండదెబ్బ తగిలి పడిన ఒడియా స్త్రీని ఏ మందులు పుచ్చుకొనుచున్నావని ఆమె భాషలో నడుగగలవాడు మన యూళ్లలో నెవడు? ఆమె గుడిసె తలుపు తెఱచియున్నదో మూసియున్నదో చూచువాడెవడు?

మేమును మా తోడి యుపాధ్యాయులును మూడేండ్లనుండి ఆ పిల్లలను బడికి తెచ్చుచున్నాము. మొదటి యేడు ఏడుగురు, ఇపుడు పందొమ్మండుగురు. వారికి మన యక్షరములు నేర్పుచు, నీటికి, అన్నమునకు, నొప్పికి వారి మాటలేవో మన పిల్లలచేత నేర్పించుచున్నాము. శ్రీరామనవమి వారు మన యూళ్లలో నుండగానే వచ్చును. పందిరి వేయుటకు, పానకము కలుపుటకు ఊరివారు కూడినపుడు వారినిగూడ పిలువుడు. సంతర్పణ ముగిసిన పిదప మిగిలినది గుడిసెలకు పంపుట కాదు. ఆలోచనకు కూర్చున్నపుడే పిలువుడు, వడ్డించుటకు పిలువుడు, పంక్తిలో ప్రక్కన కూర్చుండుటకు పిలువుడు. పందిరిగుంజ రెండవకొన పట్టుకొనుటకు ఒక మనిషి ఎప్పుడును కావలసియే యుండును.